కనుమ పొద్దున్న ఫ్యామిలీ రన్ పెట్టాలా, ముక్కనుమకి మార్చాలా?

కాలవగట్టు: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. పోయిన సంక్రాంతికి మా కుర్రాళ్లు కాలవగట్టు మీద మూడు కిలోమీటర్ల ఫ్యామిలీ రన్ పెట్టారు. ప్రైజులేం లేవు, ఇంటిల్లిపాదీ కలిసి మొదలెట్టి కలిసి ముగించాలి, అంతే. కనుమ పొద్దున్న ఆరున్నరకి. ఈసారి పెద్దాళ్లు ముక్కనుమకి మార్చమంటున్నారు, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా అని. మీరేమంటారు?

మండపేట మావయ్య: ముక్కనుమే కరెక్టు. పండక్కొచ్చిన పిల్లలు ఆ ఒక్కరోజన్నా ఇంటిపట్టున ఉంటారనే కదండీ పెద్దలు ఆ మాట పెట్టారు. పొద్దున్నే రోడ్డున పడతామంటే ఎలా?

గౌతమి ప్యాసింజర్: ముక్కనుమకి మేం ఎక్కడుంటాం అండి? కనుమ రాత్రి రాజమండ్రిలో గౌతమి రైలెక్కేస్తాం, తెల్లారితే హైదరాబాదులో డ్యూటీ. ఊళ్లో ఉండేవాళ్లకే పెట్టుకుంటామంటే చెప్పండి.

గారెలపిండి: మావయ్యగారూ, కనుమ నాడే కదండీ గంగలకుర్రు వాళ్లు దేవుణ్ణి పెట్టి వెదురుతో కట్టిన అంతంత ప్రభల్ని భుజానికెత్తుకుని పచ్చటి చేలల్లోంచి, కౌశిక నదిలో దిగి మరీ జగ్గన్నతోట తీర్థానికి తెచ్చేది. పదకొండు ప్రభలొస్తాయి అక్కడికి. కోనసీమలో కనుమ నాడు కదలనిదెవరు చెప్పండి?

నా బాధ వేరే. కనుమ నాడు మినుము కొరకాలి, అంటే గారెలు, పక్కన నాటుకోడి, ఆ పనంతా ఎవరిది? పోయినసారి మా ఊళ్లోనూ ఇలాగే పెట్టారు, మా ఆయన, పిల్లలు, ఆఖరికి మా అత్తగారు కూడా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చారు, నేను మాత్రం గ్రైండర్ దగ్గర. ఫోటోలో ఇంటిల్లిపాదీ ఉన్నారు, నేను లేను. ఇంట్లో ఆడమనిషి పొయ్యి దగ్గరుండిపోతే అది ఫ్యామిలీ రన్ ఎలా అవుద్దండి? రోజు మార్చితే ఇది తీరదు, పని పంచుకుంటే తీరుద్ది. పప్పు రాత్రి నానేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వచ్చాక అప్పటికప్పుడు రుబ్బుకోవచ్చు, పిండి పులవదు, గారె నూనె పీల్చదు. ఉల్లిపాయలు తరగడం, కోడి కోయించుకురావడం మగాళ్లు చూస్కోవాలి. కమిటీ వాళ్లు ఈ మాట మైకులో చెప్పాలి.

లంక రైతు: అమ్మా మీరన్నది నిజమే, కానీ ఆరున్నరకి గట్టు మీద మంచు ఎలా ఉంటదో తెలుసు కదా, పది అడుగుల అవతల మనిషి కనపడడు, దాళ్వా పంటకి కాలవ నిండా నీళ్లు, రెయిలింగ్ ఉండదు, పాలవాళ్ల బైకులు అదే దారి. చిన్నపిల్లల్ని పెట్టుకుని వద్దు. ఎండ పొడిచాక ఏడున్నరకి పెట్టండి.

గారెలపిండి: ఏడున్నరైతే వంట ఇంకా లేటవుద్ది, తీర్థానికెళ్లేవాళ్లు మధ్యాహ్నానికి తినేసి బయల్దేరాలి. అయినా పిల్లల కంటే వంట ముఖ్యం కాదు, ఏడున్నరకే ఒప్పుకుంటా. అలాంటప్పుడు మగాళ్లు సాయం చేస్తే చాలదు, వంట సగం వాళ్లదే.

కాలవగట్టు: కనుమే, ఏడున్నరకి అని రాత్రి మీటింగ్‌లో పెడతానండి. గట్టుకి రెండు చివర్లా బైకులాపడానికి కుర్రాళ్లుంటారు, పిల్లలు కాలవ వైపు కాకుండా చేలవైపు నడవాలి. వంట మాట కూడా పాంప్లెట్‌లో వేయిస్తా.

మండపేట మావయ్య: ప్రభల సంగతి ఒప్పుకుంటాను. రోజు విషయంలో మాత్రం నా మాట నాదే. మా కోడల్ని అడిగి చెప్తా.