రెన్యూవల్‌కు క్రెడిట్ గంటలు తప్పనిసరి చేయడం సబబేనా?

కొత్తస్టాఫ్:
రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కావాలంటే ఇన్ని గంటల సీఎన్ఈ, అంటే నిరంతర నర్సింగ్ విద్య, చూపించాలంటున్నారు కదా. తప్పనిసరి చేయకపోతే ఎవరూ చదవరని మా ట్యూటర్లు అంటారు. చేసినా ఎవరూ చదవరని వార్డులో సీనియర్లు అంటారు. మీరేమంటారు?

నైట్‌డ్యూటీ:
సీనియర్ల మాటే నిజం. నా సర్వీసు రెండు దశాబ్దాలు దాటింది, ఫైలు నిండా సర్టిఫికెట్లే. నైట్ ముగించుకుని, హ్యాండోవర్ ఇచ్చి, అదే యూనిఫాంతో సెమినార్ హాల్లో కూలబడతాం. రిజిస్టర్‌లో మన సంతకం మనదే, రాని వాళ్ల సంతకమూ మనదే. లైట్లు తీసి స్లైడ్లు మొదలుపెట్టగానే తల వాలిపోతుంది. దీన్ని చదువంటే నవ్వొస్తుంది. నర్సు పని చేస్తూ చేస్తూ చేతికి రావాలి.

స్కిల్‌ల్యాబ్:
సిస్టర్, చేతికి వచ్చిన పని కూడా పాతబడుతుంది. ఒక్క ఉదాహరణ. రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం, వేశాక సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెత్ పెట్టి, బుడబుడ వినబడితే సరిగ్గా ఉందనేస్తాం. ట్యూబ్ ఊపిరితిత్తిలోకి పోయినా, అన్నవాహికలో ఆగిపోయినా ఆ చప్పుడు వినబడొచ్చు. ఆ పద్ధతి వాడొద్దని బ్రిటన్‌లో 2005లోనే హెచ్చరిక ఇచ్చారు. ట్యూబ్‌లోంచి ద్రవం లాగి పీహెచ్, అంటే యాసిడ్ ఎంతుందో, పేపర్‌తో చూడాలి. యాసిడ్ ఎక్కువైతే పీహెచ్ తక్కువ. 5.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటేనే ఫీడ్, లేకపోతే ఎక్స్‌రే. ఇది మీ చేతికి ఎవరు చెప్తారు?

నైట్‌డ్యూటీ:
ఇన్నేళ్లూ గాలి కొట్టే చూశాను. ఏ పేషెంటుకూ ఏమీ కాలేదు.

స్కిల్‌ల్యాబ్:
కాలేదని మీకెలా తెలుసు? కొన్నాళ్లకు న్యుమోనియా వస్తే దాన్ని ట్యూబ్‌తో ముడిపెట్టి చూసేదెవరు?

బ్రదర్_ఓటీ:
యాసిడ్ తగ్గించే ఇంజెక్షన్లు పడుతున్న పేషెంటుకు పీహెచ్ ఎక్కువే వస్తుంది కదా?

స్కిల్‌ల్యాబ్:
అందుకేగా ఎక్స్‌రే అన్నది. పూర్తిగా చదివి రాయండి బ్రదర్.

ఫారిన్_ఫైల్:
ట్యూబ్ సంగతి కాసేపు పక్కన పెట్టి అసలు ప్రశ్నకు రండి. దేశానికో లెక్క ఉంది. బ్రిటన్‌లో మూడేళ్లకు 35 గంటలు, అందులో 20 నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. ఆస్ట్రేలియాలో ఏడాదికి 20. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పేది ఐదేళ్లకు 150, అంటే ఏడాదికి 30. గంటల్లో మనమే ముందున్నాం! తేడా ఎక్కడంటే, బ్రిటన్‌లో గంటలతో పాటు ఐదు రిఫ్లెక్టివ్ అకౌంట్లు రాయాలి. ఏం నేర్చుకున్నావు, దానివల్ల నీ పనిలో ఏం మారింది అని. నిద్రపోయినవాళ్లు అది రాయలేరు.

నైట్‌డ్యూటీ:
ఇప్పుడు రాస్తున్న చార్టులు చాలవన్నమాట.

స్కిల్‌ల్యాబ్:
సీపీఆర్ చూడండి. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వరుసే మార్చింది. ముందు గాలి దారి, శ్వాస అనుకునేవాళ్లం, ఇప్పుడు ముందు ఛాతీ నొక్కడం. బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) ట్రైనింగ్ కార్డు రెండేళ్లు చెల్లుతుంది కానీ చేతి నేర్పు కొన్ని నెలలకే జారిపోతుంది. అనుభవం ఉందిగా అని ఊరుకుంటే ఎలా? మా దగ్గర ట్రైనింగ్ అయిన ఒక అమ్మాయి వార్డుకెళ్లి పీహెచ్ పేపర్ అడిగితే, "క్లాసులో చెప్పింది క్లాసులోనే వదిలేసి రా" అన్నారట అక్కడి సీనియర్. అందరి ముందూ. ఆ పిల్ల మళ్లీ నోరెత్తలేదు. మీలాంటివాళ్ల వల్లే నేర్పింది నేర్పినట్టు మట్టిలో కలుస్తోంది.

నైట్‌డ్యూటీ:
"మీలాంటివాళ్లు" అనేముందు ఒకటి చెప్పండి. ఆ పేపర్ స్టోర్‌లో ఉందా? మా వార్డు నుంచి ఇండెంట్ పెట్టింది నేనే. "స్టాక్ లేదు" అని వెనక్కొచ్చింది. ఎక్స్‌రే రాయించుకుందామని అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్ని లేపితే నాకు దొరికేది చీవాట్లు. ఇక వర్క్‌షాప్‌కు పేరిచ్చిన ప్రతిసారీ రిలీవర్ లేదని ఆపేశారు. బెడ్ దగ్గరకే రాని ఆఫీసు పని వాళ్లు మాత్రం దర్జాగా వెళ్లొచ్చారు. చివరికి నా వీక్లీ ఆఫ్‌లో, నా డబ్బుతో వెళ్లాను. నేర్చుకోనని ఎవరన్నారు? నా సెలవు కోసి మీ లెక్క పూర్తి చేసుకోవద్దంటున్నాను.

స్కిల్‌ల్యాబ్:
మొదటి పోస్టులో మీరన్నది అది కాదు. చేస్తూ చేస్తూ వస్తుందన్నారు. డ్యూటీ టైంలో పెట్టమనడం వేరు, అవసరమే లేదనడం వేరు. మొదటిదానికి నేనూ సంతకం పెడతాను.

ఐసీయూ_సిస్టర్:
డ్యూటీ టైంలోనా? ఒకరు క్లాసుకు వెళ్తే ఆ వెంటిలేటర్లన్నీ మిగిలిన మనిషి మీదే. మా ఇన్‌ఛార్జి మేడమ్ హ్యాండోవర్ అయ్యాక పది నిమిషాలు బెడ్ పక్కనే నిలబెట్టి ఏదో ఒకటి చూపిస్తారు. ఇన్‌ఫ్యూజన్ పంప్ అలారం కొడితే సైలెన్స్ నొక్కడం కాదు, ముందు లైన్ ఎక్కడ మడత పడిందో వేలితో తడుముకుంటూ పొమ్మని నేర్పింది ఆవిడే. దానికి ఒక్క క్రెడిట్ రాదు. సెమినార్లో కునుకు తీస్తే వస్తుంది.

నైట్‌డ్యూటీ:
ఇది రాసుకోండి ముందు.

స్కిల్‌ల్యాబ్:
గాలి కొట్టడం కూడా ఎవరో ఒక మేడమ్ బెడ్ పక్కనే నేర్పారు కదా సిస్టర్. మన తప్పు మనకు కనబడదు. బయటి మనిషి వచ్చి చూడాల్సిందే.

నైట్‌డ్యూటీ:
తప్పకుండా రండి. నైట్ డ్యూటీలోనే రండి. పీహెచ్ పేపర్ మాత్రం మీరే తెచ్చుకోండి.

కొత్తస్టాఫ్:
ఇంతకీ ఆన్‌లైన్ క్లాసుల గంటలు రెన్యూవల్‌కు లెక్కలోకి వస్తాయా?

బ్రదర్_ఓటీ:
మీ కౌన్సిల్ గుర్తింపు ఉన్నవైతేనే. ముందు అక్కడ కనుక్కుని, ఆ తర్వాతే ఫీజు కట్టు.