1837 నాటి ‘ది టైమ్స్’ కార్టూన్: ఉన్నది గీశాడా, పార్టీ ప్రచారమా?

పాతకాగితం:
అమెరికాలో 1837 మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోట్లకు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. దాని మీద ఎడ్వర్డ్ క్లే గీసిన ‘ది టైమ్స్’ అనే బొమ్మ ఇది. బ్యాంకు ముందు జనం ఎగబడుతుంటే, ఇక్కడ నాణేలు ఇవ్వబడవని బోర్డు. అదే వీధిలో కస్టమ్స్ ఆఫీసుకు మాత్రం బాకీలు నాణేల్లోనే కట్టాలట. ఆకాశంలో అధ్యక్షుడిగా చేసిన ఆండ్రూ జాక్సన్ టోపీ, కళ్ళజోడు, పైపు. తప్పంతా ఒక్కడి మీదే వేశారు. ఇది జాక్సన్‌ను వ్యతిరేకించే విగ్ పార్టీ ప్రచారం.

లెక్కలమాస్టారు:
తప్పు లేకుండానే వేశారా? 1832లో జాతీయ బ్యాంకు అనుమతి పొడిగింపును వీటో చేసిందెవరు? 1836 జులైలో ప్రభుత్వ భూమి కొనాలంటే బంగారం, వెండే తేవాలన్నదెవరు?

పాతకాగితం:
బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1836లో వడ్డీ పెంచింది. తర్వాత పత్తి ధర పడిపోయింది. అవి బొమ్మలో ఏవీ?

గోదారిగట్టు:
అప్పటికి జాక్సన్ పదవిలోనే లేడు. మార్చి 4న వాన్ బ్యూరెన్ అధ్యక్షుడిగా వచ్చాడు.

లెక్కలమాస్టారు:
అందుకే మనిషిని గీయలేదు, టోపీ గీశాడు. మనిషి దిగిపోయినా చేసిన పని జనం నెత్తిన ఉంది. పొద్దున్నుంచి ఈ ఒక్క ముక్కే చెబుతున్నాను.

పాతకాగితం:
టోపీ సాక్ష్యం కాదండీ.

మల్లెపందిరి:
టోపీ వదిలేయండి. ముందు వరుసలో తాగి ఉన్నవాడు, కాళ్ళకు జోళ్ళు లేని నావికుడు, బిచ్చమడిగే వితంతువు ఉన్నారు. వాళ్ళ గురించి ఒక్కరూ రాయలేదు. మా నాన్న డబ్బు దాచుకున్న బ్యాంకు మూతపడితే నాలుగు రోజులు గేటు ముందు నిలబడ్డాడు. అత్యాశకు పోయారని ఆ క్యూ మీద ఒక పత్రిక కార్టూన్ వేసింది. నాన్న ఆ పేపరు మానేశాడు.

లెక్కలమాస్టారు:
మీ నాన్నగారి బాధకి, 1837కి సంబంధమేంటమ్మా? ఇది చరిత్ర చర్చ.

మల్లెపందిరి:
ఉంది. ఎవరు ముంచారని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. మునిగినవాళ్ళను ఎలా చూపించాడన్నది నా ప్రశ్న. తాగుబోతును ముందు నిలబెడితే తప్పు వాడిదే అనిపిస్తుంది. తాకట్టు కొట్టుకు ‘షైలాక్ గ్రాస్‌పాల్’ అని బోర్డు పెట్టాడు. షైలాక్ అంటే షేక్స్‌పియర్ నాటకంలోని యూదు వడ్డీ వ్యాపారి. బ్యాంకులు చేసినదానికి యూదుల మీద ద్వేషం రేపాలా?

పాతకాగితం:
ఆ బోర్డు చూసి కూడా నేను రాయలేదు, నాదే పొరపాటు. కానీ ఆ వితంతువును చూసి ఎవరూ నవ్వరు.

మల్లెపందిరి:
నవ్వరు. మరి ఆమె కోసం గీశాడా, జాక్సన్‌ను కొట్టడానికి ఆమెను వాడుకున్నాడా?

గోదారిగట్టు:
ఇంకో సంగతి. ఈ బొమ్మ అచ్చేసిన హెచ్.ఆర్. రాబిన్సనే 1833లో జాక్సన్‌ను మెచ్చుకునే బొమ్మ కూడా అమ్మాడు. అందులో జాక్సన్ చేతిలో ప్రభుత్వ డబ్బును జాతీయ బ్యాంకు నుంచి తీసేయాలన్న ఉత్తర్వు, బ్యాంకు స్తంభాలు కూలుతుంటే పారిపోయే దాని అధిపతి బిడిల్.

లెక్కలమాస్టారు:
అయితే పార్టీ ప్రచారం అన్న మాట నిలవదు కదా!

మల్లెపందిరి:
రెండు బొమ్మలూ మళ్ళీ చూడండి మాస్టారూ. 1833 దాంట్లో డబ్బు దాచుకున్న మామూలు మనిషి ఎక్కడున్నాడో చెప్పండి.