ఐదో తరగతి పిల్లాడికి తీసివేతలు రావట్లేదు: ముందు ఎక్కాలా, పుల్లల కట్టలా?

మంజీర తీరం: మా అక్క కొడుకు ఐదో తరగతి, ప్రైవేటు స్కూలు. 52 లోంచి 27 తీసేయమంటే 35 వేస్తున్నాడు, ప్రతిసారీ ఇదే వరస. ట్యూషన్ సార్ ముందు 20 వరకు ఎక్కాలు అప్పజెప్పించండి, మిగతావి వాటంతటవే వస్తాయి అంటున్నారు. పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ పుల్లల కట్టలతో రెండో తరగతి లెక్కల నుంచి మళ్లీ మొదలుపెట్టమంటున్నారు. మా అక్కకి చాలా టెన్షన్‌గా ఉంది. ఏది ముందు?

పాతబాట: ట్యూషన్ సార్ చెప్పింది కరెక్ట్. ఎక్కాలు నోటికి రాకపోతే భాగహారం రాదు, క.సా.గు. రాదు, భిన్నాలు అసలే రావు. ఏడు ఎనిమిదులు ఎంత అని వేళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పిల్లాడు లెక్క చివరికి వచ్చేసరికి మొదట ఏం చేశాడో మర్చిపోతాడు. మేమంతా గుంపుగా ఎక్కాలు చదివి పైకొచ్చినవాళ్లమే. ఐదో తరగతిలో పుల్లలేంటండీ?

కృష్ణలంక: అబాకస్‌లో చేర్పించండి, స్పీడ్ వస్తుంది.

నల్లమల టీచర్: వాడికి కావలసింది స్పీడ్ కాదండీ. ఆ 35 ఎలా వచ్చిందో చూడండి. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసి 5 వేశాడు, పదుల దగ్గర 5 లోంచి 2 తీసి 3 వేశాడు. అంకెల తీసివేత వాడికి వచ్చు, 52 అంటే ఐదు పదులూ రెండు ఒకట్లూ అన్నదే పట్టుబడలేదు. దీనికి ఎక్కాలు ఏం చేస్తాయి? పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేసి ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి 27 ఇవ్వమనండి. విడివి రెండే ఉన్నాయి, ఏడు కావాలి. అక్కడ మీరు ఏం చెప్పకుండా కాసేపు ఆగండి, చాలామంది పిల్లలు తామే ఒక కట్ట విప్పుతారు. పన్నెండులో ఏడు పోతే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పోతే రెండు. కట్ట విప్పిన క్షణంలోనే కాగితం మీద 5 కొట్టేసి 4 వేయించండి, 2ని 12 చేయించండి.

పాతబాట: పరీక్ష హాల్లోకి పుల్లలు తీసుకెళ్తాడా?

నల్లమల టీచర్: తీసుకెళ్లడు. పుల్లల తర్వాత బొమ్మలు, పదికి గీత, ఒకటికి చుక్క. ఆ తర్వాత అంకెలు మాత్రమే. పద్ధతి బట్టీ పట్టిన పిల్లలకు 403 − 158 ఇచ్చి చూడండి, మధ్యలో సున్నా దగ్గర ఎంతమంది ఆగిపోతారో. వంద కట్ట విప్పితే పది పదులు, అందులో ఒకటి విప్పితే 9 పదులూ 13 ఒకట్లూ అని చేత్తో చూసినవాడు 245 దాకా వెళ్తాడు.

పాతబాట: నా ప్రశ్న పరీక్ష గురించి. గంటలో పేపర్ పూర్తిచేయాలి కదా.

కిరాణా కొట్టు: మావాడు కొట్లో 50 నోటుకి 27 పట్టుకుని చిల్లర ఇస్తాడు, మూడిస్తే ముప్పై, ఇరవై ఇస్తే యాభై అనుకుంటూ. అదే లెక్క నోట్సులో తప్పు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్ముకునే పిల్లలదీ ఇదే పరిస్థితి అని 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. లెక్క రాదని ఎలా అంటాం?

పాతబాట: ఆ అధ్యయనం చెప్పేది నా మాటే. బజారులో చేసిన లెక్క కాగితం మీదికి దానంతటదే రాలేదు. మరి పుల్లల్లో చేసింది ఎలా వస్తుంది?

నల్లమల టీచర్: దానంతటదే రాదు, అందుకే రెండూ పక్కపక్కనే చేయించమన్నాను! బజారులో పనిచేయని బడి పిల్లలు బజారు లెక్కల్లో తడబడ్డారని కూడా అందులోనే ఉంది, అది వదిలేశారు. ఎక్కాలు అప్పజెప్పలేదని ఎండలో నిలబెడితే బడి మానేసిన పిల్లల్ని తిరిగి తీసుకురావడానికి ఇళ్లకు వెళ్లేది మేమండీ.

పాతబాట: మీ టీచర్లు పిల్లలకు ఆటలు పెట్టి సిలబస్ వదిలేస్తారు, తర్వాత ఏడ్చేది తల్లిదండ్రులు.

నల్లమల టీచర్: మా బడిలో ఐదు తరగతులకు ఇద్దరమే. విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంటుంది. నేను ఒకటీ రెండూ చూస్తుంటే పక్క గదిలో మూడూ నాలుగూ ఐదూ ఒకరి మీదే. మీరొచ్చి ఒక్కరోజు చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి: గొడవ ఆపండి ప్లీజ్. మా అమ్మాయిని నాలుగో తరగతిలో ఉండగా రెండో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టారు, లెక్కలు రావని. దానికి లెక్కల కంటే ఆ సిగ్గే గుర్తుంది.

పాతబాట: నా భయం కూడా ఇదేనమ్మా. మా అమ్మాయి స్కూల్లో స్లో బ్యాచ్ అని విడదీసి, వీళ్లకు పూసలూ కార్డులూ, మిగతావాళ్లకు పాఠం. ఏడాది చివరికి ఆ దూరం ఇంకా పెరిగింది, తిరిగి పైకి ఎవరూ తీసుకురాలేదు. నేను ఇంట్లో ఎక్కాలు పట్టించబట్టే తరగతితో నడవగలిగింది. పుల్లలు అనగానే నాకు ఆ బ్యాచ్ గుర్తొస్తుంది.

నల్లమల టీచర్: ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు సార్. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతిలో స్థాయిని బట్టి గుంపులు చేసేది రోజులో కొంతసేపే, మిగతా టైమ్ అంతా సొంత తరగతిలోనే. మధ్యమధ్యలో పరీక్షించి గుంపు మార్చాలి, మార్చకపోతే మీరు చెప్పిందే జరుగుతుంది. కానీ అర్థంకాని పాఠాన్ని బోర్డు మీంచి ఎక్కించుకుంటూ ఐదో తరగతిలో కూర్చోవడం తరగతితో నడవడం అని నేను ఒప్పుకోను.

పాతబాట: వాడి క్లాసులో వాడు కూర్చోవాలి. వెనకబడింది ఇంట్లో నేర్పుకోవచ్చు.

నల్లమల టీచర్: చదువురాని తల్లిదండ్రులు ఇంట్లో ఎలా నేర్పుతారు? మా పిల్లల్లో చాలామందికి బడి తప్ప ఇంకో చోటు లేదు.