సమస్యాపూరణం: "తెగినచోటనె బంధము తీగె సాగె"

నిర్వాహకుడు:
ఈసారి సమస్య తేటగీతి చివరి పాదం. పై మూడు పాదాలు మీవి. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత, ఇక్కడ తె–తీ, చూసుకోండి. విడిపోయి కలిసిన ప్రేమికులు, అలిగిన అన్నదమ్ములు, బొడ్డుతాడు వద్దు. అవి చెప్పకపోయినా ఎలాగూ వస్తాయి. వ్యాకరణం, వైద్యం, లెక్కలు, యంత్రాలు, ఏ రంగమైనా సరే. అక్కడ 'కలవడం' అంటే ఏమిటో పద్యంలో కనబడాలి. 'చోటనె'లో ఏవకారం ఉంది, అంటే 'అక్కడే' అని, మరిచిపోకండి. తెగింది ఒకచోట, బంధం పెరిగింది మరోచోట అయితే ఒప్పుకోను.

తెలుగు పంతులు:

రాము డతడన్న మాటలో రాలె నుత్తు
చోటు విడువగ బై యచ్చు చొచ్చుకొనియె
పదము రెండును నొకటిగా బలికె నిట్లు
తెగినచోటనె బంధము తీగె సాగె

నిర్వాహకుడు:
బోణీ బాగుంది మాస్టారూ. రాముడు, అతడు పక్కపక్కన నిలబడితే రెండు మాటలే. మొదటిదాని చివరి 'ఉ' (ఉత్తు) పోతేనే 'రాముడతడు' అయింది. పోయిన చోటా కలిసిన చోటా ఒక్కటే. 'అతడన్న' దగ్గర మరో ఉత్తు కూడా రాల్చారు, చెప్పకుండానే చేసి చూపించారు. 'బై' దగ్గర కొత్తవాళ్లు తడబడతారు, అది పై. 'విడువగన్' చివరి నకారం (ద్రుతం) వల్ల ప కాస్తా బ (సరళం) అయింది.

కొత్త సభ్యురాలు:
నేను వైద్యం చదువుతున్నాను, పద్యం ఈమధ్యే మొదలుపెట్టాను. తప్పులుంటే చెప్పండి.

నాడి నాడిని దాకదు, నడుమ సందు
దాటి పోవును రసములు వార్త మోసి
యెడము లేకున్న బుద్ధికి నెఱుక లేదు
తెగినచోటనె బంధము తీగె సాగె

పద్యప్రియ:
రెండో పాదంలో దా–వా యతి కుదరదమ్మా. 'తలపు మోసి' అనండి. దా–త ఒకే వర్గం హల్లులు కాబట్టి వర్గయతి, గణం కూడా నిలుస్తుంది. మొదటి పాదం మాత్రం నాకు అసూయ పుట్టించింది.

నిర్వాహకుడు:
మెదడులోని నాడీకణాలన్నీ అతుక్కున్న ఒకే వల అని గోల్గీ, కాదు విడివిడి కణాలేనని కహాల్, ఇద్దరు శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపే ఇచ్చారు. నిలబడింది కహాల్ మాట. ఈ పద్యం ఆయన పక్షం. సందు సుమారు 20 నానోమీటర్లు ఉంటుంది. ఒక కణం వదిలిన రసాయనం దాన్ని దాటి అవతలి కణాన్ని తడుతుంది. తాకకుండానే కలవడం అంటే ఇదే. కానీ నా అభ్యంతరం 'తెగిన' దగ్గర. అది పుట్టుకతోనే ఉన్న ఎడం, ఎవరూ తెంచింది కాదు. సమస్య అడిగింది తెగడాన్ని.

కొత్త సభ్యురాలు:
తెగి ఉండటం కూడా తెగడమే కదండీ?

నిర్వాహకుడు:
సగం మార్కులు.

రసాయనం మాస్టారు:

రెండు బంధాల నొక్కటి రేగి విడగ
నణువు చేతిని నణువంది యల్లుకొనగ
గొలుసు వేలాది యణువుల గూర్చి పెరిగె
తెగినచోటనె బంధము తీగె సాగె

ఇది పాలిథిన్. ఇథిలీన్ అణువులో రెండు కార్బన్ల మధ్య జంట బంధం ఉంటుంది. అందులో బలహీనమైనది విడిపోతే ఆ కొన ఖాళీగా ఉండలేక పక్క అణువును పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని. 1933లో ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగంలో అనుకోకుండా బయటపడింది.

పద్యప్రియ:
ఏవకారానికి పూర్తి న్యాయం జరిగింది. 'బంధాల' మాత్రం వాడుక రూపం. 'రెండు బంధమ్ములందొండు' అంటే పద్యానికి అతుకుతుంది.

రసాయనం మాస్టారు:
అతుకుతుంది కానీ మా పిల్లలకు అర్థం కాదు. నాది అలాగే ఉండనివ్వండి.

లెక్కల మనిషి:

ఏడు వంతెన లున్నపు డేరి కైన
నన్ని దాటెడి నడకయె యబ్బ దయ్యె
రెండు కూలిన పిమ్మట రీతి దొరికె
తెగినచోటనె బంధము తీగె సాగె

కోనిగ్స్‌బర్గ్ అనే ఊరి వంతెనల కథ. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ ఏడింటినీ పూర్తి చేయడం సాధ్యం కాదని 1736లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. మొదలూ చివరా తప్ప మిగతా గడ్డలకు వచ్చిపోయేందుకు వంతెనలు సరి సంఖ్యలో ఉండాలి. కానీ నది విడదీసిన నాలుగు గడ్డలకూ బేసి సంఖ్యలోనే వంతెనలుండేవి: 5, 3, 3, 3. రెండో ప్రపంచయుద్ధంలో రెండు వంతెనలు బాంబులకు పోయాయి. మిగిలిన ఐదు దారులతో లెక్క 3, 3, 2, 2. బేసి గడ్డలు రెండే కాబట్టి ఒకదాంట్లో బయల్దేరి రెండోదాంట్లో ముగించొచ్చు.

నిర్వాహకుడు:
కథగా ఇంతకంటే మంచిది ఈ వారం రాదు. పూరణగా మాత్రం గట్టిగా కాదంటాను. మీకు దొరికింది నడక, బంధం కాదు. ఏడు వంతెనలున్నప్పుడూ ఏ గడ్డ నుంచి ఏ గడ్డకైనా వెళ్లొచ్చు, కలిసే ఉన్నాయి. పైగా అప్పట్లో ఊరిని రెండు ముక్కలు చేయాలంటే కనీసం 3 వంతెనలు కూల్చాలి, ఇప్పుడు 2 చాలు. మీ గ్రాఫుల (చుక్కలూ వాటిని కలిపే గీతలూ) భాషలోనే చెప్పాలంటే కనెక్టివిటీ తగ్గింది! తీగె సాగలేదు, పలచబడింది.

లెక్కల మనిషి:
నడక కూడా బంధమే అంటాను. దారి ఉండి నడవలేకపోతే అది ఉన్నట్టా?

నిర్వాహకుడు:
ఉన్నట్టే. లెక్కల్లో కనెక్టెడ్ అంటే దారి ఉందా లేదా అనే చూస్తారు, ఎన్నిసార్లు నడిచారని అడగరు. మీకు తెలియనిదా?

లెక్కల మనిషి:
తెలుసు. అయినా పద్యం మార్చను.

పాత టెలిగ్రాఫు:

కడలి యడుగున బడియుండె కంబి తునిగి
యేడు గడువ నా యోడయే యెత్తి దాని
కొనను వేరొక్క కంబితో గూర్చినంత
తెగినచోటనె బంధము తీగె సాగె

1865లో అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫు కేబుల్ పరుస్తుంటే నడిసముద్రంలో తెగి మునిగింది. లోతు రెండు మైళ్లకు పైనే. మరుసటి ఏడు అదే ఓడ కొత్త కేబుల్ ఒకటి పూర్తిగా వేసింది. ఆపైన వెనక్కి వెళ్లి, గాలాలు దించి పాతదాని కొన పట్టుకుంది. దానికి అతుకు వేసి న్యూఫౌండ్‌లాండ్ దాకా లాక్కెళ్లారు. దాంతో రెండు లైన్లు పనిచేశాయి.

రసాయనం మాస్టారు:
ఆ కేబుల్ మీది తొడుగు గట్టాపర్చా, ఒక చెట్టు పాల నుంచి వచ్చేది. అదీ గొలుసు అణువే, మా వైపు చుట్టమే.

నిర్వాహకుడు:
తీగెకు రెండర్థాలూ, లతా లోహపు తీగా, పట్టాయి, శ్లేష అడగకుండానే వచ్చింది. తెగిన కొన, అతికిన కొన ఒక్కటే. నాకు మిగిలిన లోటు ఒక్కటే, 'ఆ యోడ' ఏ ఓడో పద్యంలో లేదు.

పాత టెలిగ్రాఫు:
గ్రేట్ ఈస్టర్న్. మూడూ గురువులే, ఒక గణంలో ఇమడదు. 'గ్రేటు ఈస్టర్ను' అని సాగదీస్తే సంధి చేయకుండా వదిలానని, విసంధి అని మీరే కొడతారు.

తెలుగు పంతులు:
ఉత్తు రాల్చండి, రెండు గణాలకు పంచండి:

యేడు పోగ గ్రేటీస్టర్నె యెత్తి దాని

పాత టెలిగ్రాఫు:
గణం సరిపోయింది మాస్టారూ, నోరే తిరగడం లేదు. నా ఓడ నాకు ఉండనివ్వండి.