ఆపరేషన్ పోలో సిపాయి సంచులకు పాలియెస్టర్ దారం వాడొచ్చా?

సూదీ_సికింద్రాబాదూ: ఆపరేషన్ పోలో (హైదరాబాద్ సంస్థానం మీద భారత సైనిక చర్య) ప్రదర్శనకి 1937 ప్యాటర్న్ స్మాల్ ప్యాకులు, అంటే అప్పటి సిపాయిల చిన్న సంచులు, కుట్టిస్తున్నాం. నూలు కాన్వాస్ దొరికింది. నూలు దారం మిషన్ మీద తెగుతోందని మా దర్జీ పాలియెస్టర్ పెడతానంటున్నాడు. దూరం నుంచి చూసే జనానికి తేడా తెలుస్తుందా?

పాతసరుకు: తెలుస్తుంది. ఎండలో మెరుస్తుంది. పైగా వాన పడితే నూలు దారం ఉబ్బి సూది రంధ్రాన్ని మూసేస్తుంది, పాలియెస్టర్‌తో ఆ పని జరగదు. దారానికి మైనం పట్టించి, 18 నంబరు సూది వేసి, టెన్షన్ తగ్గించమనండి. దర్జీ మాటే నమ్మకుండా ఓ ముక్క కాల్చి చూడండి: నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి ముద్దవుతుంది.

తెరవెనక: గింత ఛాదస్తమేందన్నా! సిపాయి నేల మీద పాకుతుంటే పట్టీ తెగిందనుకో, జనం నవ్వుతరు. లోపల పాలియెస్టర్, పైన నూలు చుట్టిన దారం దొరుకుతది, అది పెట్టుండ్రి.

కోటగోడ: అందరూ దారం దగ్గరే ఆగిపోయారు. అసలు ఏ ప్యాక్ చూసి కుట్టిస్తున్నారు? ఇంగ్లాండులో మిల్స్ కంపెనీ చేసినదా? దాని నేత దళసరి, అంచులు తీరుగా ఉంటాయి. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది భారత సైన్యం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో తయారైన సరుకు చాలావరకు పల్చటి నేతే, రంగూ అన్నిటికీ ఒకటి కాదు. ఇంగ్లాండు ప్యాకును అచ్చు దించేసి, నూలు దారంతో కుట్టామని మురిసిపోతే ఏం లాభం? మీ దర్జీ కుట్టు కాస్త వంకరపోయినా నాకు అభ్యంతరం లేదు, బట్ట మాత్రం సరిగ్గా ఎంచుకోండి. మీద బ్లాంకో (సైనిక సంచులకు, పట్టీలకు రుద్దే రంగు) పూత వేస్తారు కాబట్టి దారం మెరుపు కొంత అణుగుతుంది కూడా.

ఇంకొకటి. లోపల సర్కారు సరుకని చెప్పే బాణం గుర్తు, 1943 అని ముద్ర వేయకండి. నాలుగు చేతులు మారాక ఎవడో దాన్ని అసలుదని అమ్ముకుంటాడు. తప్పదంటే పక్కనే ఈ ఏడాది కూడా వేయండి.

పాతసరుకు: ముద్ర విషయంలో మీతోనే ఉన్నా. బ్లాంకో మాట ఒప్పుకోను, రెండు వానలకు కడుక్కుపోతుంది.

తెరవెనక: ఆ డ్రెస్‌తోని బండెక్కి ఇంటికి పోకుండ్రి. సిపాయినని నమ్మించేటట్టు తిరిగితే భారతీయ న్యాయ సంహిత 168 సెక్షన్ ఉంది.

సూదీ_సికింద్రాబాదూ: సరే, పల్చటి కాన్వాస్ మళ్లీ వెతుకుతా. సంచికి మైనం పట్టించిన నూలు దారం, బరువు మోసే పట్టీలకు చుట్టు దారం.

పాతసరుకు: బయటికి కనబడేవి పట్టీలే కదండీ!