అప్‌డేట్: పాప రాత్రిళ్లు లేచి ఏడుస్తుందని అడిగిన, కారణం దొరికింది

మా రెండున్నరేండ్ల పాప రోజూ అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది, నాకేమో ఏడో నెల, నిద్ర లేదని అడిగిన కదా. జవాబిచ్చిన అక్కలందరికీ థాంక్స్. "నులిపురుగులేమో చూడు" అన్న అక్క మాటే నిజమైంది.

హన్మకొండల పిల్లల డాక్టర్‌కు చూపిస్తే, పాప పండుకున్నంక టార్చ్ వేసి కింద, మలద్వారం దగ్గర చూడమన్నడు. చూసినం. తెల్ల దారం ముక్కల్లాంటివి మెల్లగ కదులుతున్నయి! నా పాణం ఉసూరుమన్నది. దురదకే బిడ్డ అంతగనం ఏడ్చింది.

నులిపురుగుల మందు ఆల్బెండజోల్ ఇచ్చి, 2 వారాలకు మళ్లొకసారి వేయమన్నడు. మా ఆయనకు, అత్తమ్మకు కూడా. నాకు మాత్రం గైనిక్ మేడమ్ ఇప్పుడు వద్దన్నది. గోర్లు తీసుకోమని, దుప్పట్లు వేడినీళ్లల్ల ఉతకమని చెప్పింది.

దిష్టి, పుట్టబోయే బిడ్డ మీద కుళ్లు అనుకున్నయి ఏవీ కావు. రెండో డోసు నిన్న అయింది. వారం నుంచి పాప నా పొట్ట మీద చెయ్యేసి తెల్లారేదాక పండుకుంటుంది.