జాన్ పీల్ పాత ప్రసారాలు ఎవరి వద్దనైనా ఉన్నాయా?

అందరికీ నమస్కారం. బ్రిటిష్ డిస్క్ జాకీ జాన్ పీల్‌పై తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 1939లో లివర్‌పూల్ సమీపంలోని హెస్వాల్‌లో పుట్టి, అమెరికా స్టేషన్లలో పనిచేసి, ఓడ మీది నుంచి ప్రసారమయ్యే రేడియో లండన్‌లో కొన్నాళ్లు గడిపి, 1967లో బీబీసీ రేడియో 1 మొదలైన నాటి నుంచి 2004లో పెరూలో కన్నుమూసే వరకు అక్కడే కొనసాగిన ఆయన జీవితక్రమం రాయడంలో ఇబ్బంది లేదు.

చిక్కంతా ‘పీల్ సెషన్ల’ దగ్గరే వస్తోంది. రేడియోలో గ్రామఫోన్ రికార్డులు వేసే సమయంపై అప్పట్లో పరిమితి ఉండడం వల్ల, బీబీసీ వారు పీల్ కార్యక్రమం కోసం సంగీత బృందాలను స్టూడియోకు పిలిపించి, సాధారణంగా ఒక్క రోజులోనే నాలుగు పాటలు రికార్డు చేయించేవారు. హడావిడిగా చేసిన ఆ రికార్డింగులే చాలాసార్లు ఆల్బమ్ పాటల కన్నా బాగుంటాయని నా అభిప్రాయం. వీటి తేదీలను, వాద్యకారుల పేర్లను సరిచూసుకోవడానికి నమ్మదగిన జాబితా ఏదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మరొక విన్నపం. పీల్ బీబీసీ వరల్డ్ సర్వీస్‌లోనూ సంగీత కార్యక్రమం నిర్వహించారు. దానిని షార్ట్‌వేవ్‌లో విన్న తెలుగు శ్రోతలు ఉంటే, ఏ ఊళ్లో, ఏ సంవత్సరాల్లో విన్నారో, ప్రసారం ఎంత స్పష్టంగా అందేదో రాయండి. క్యాసెట్లలో ఎక్కించి దాచుకున్నవారు ఉంటే, టేపును పాడుచేయకుండా డిజిటల్‌లోకి మార్చే ఖర్చు నేనే భరిస్తాను.